ఆల్టావిస్టాను విడిచిన శోధకులు

1995 డిసెంబరు 15వ తేదీన ఆల్టావిస్టా అను సెర్చ్ ఇంజిను లోకమునకు వెల్లడియైనపుడు, దానిని నిర్మించిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు శోధనను వ్యాపారముగా సాగింపవలెనను సంకల్పము లేదు. తమ ఆల్ఫా కంప్యూటర్ల శక్తి ఎంతటిదో జనులకు ప్రత్యక్షముగా చూపుటయే ఆ కంపెనీ అభిమతము. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఆ సంస్థ పరిశోధనశాలలయందు పనిచేయుచుండిన లూయీ మోనియే వెబ్ పుటలను సేకరించి తెచ్చు క్రాలరును, మైక్ బరోస్ ఆ పుటలలోని ప్రతి పదమునకును చోటు చూపగల సూచికను సిద్ధపరచిరి. ఆరంభదినమునకే అందు దాదాపు 1.6 కోట్ల పుటలు చేరియుండెను.

అంతకు ముందటి సాధనములతో పోల్చి చూచిన గాని ఈ కార్యపు ఘనత బోధపడదు. 1994లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులైన జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో ఆరంభించిన యాహూ, మనుష్యులు చదివి వర్గీకరించిన పట్టిక. గ్రంథాలయమున బీరువా నుండి బీరువాకు నడచినట్లు పాఠకుడు అందు శీర్షిక నుండి ఉపశీర్షికకు దిగుచు పోవలసియుండెను. అదే యేట వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున బ్రయన్ పింకర్టన్ నిర్మించిన వెబ్‌క్రాలరు పుటలోని పూర్తి పాఠమును వెదకనేర్చినను, ఆల్టావిస్టాకు గల విస్తృతియు వేగమును దానికి లేకుండెను. కొటేషన్ గుర్తుల నడుమ నాలుగు మాటలుంచి, అవే మాటలు అదే వరుసలో గల పుటలను క్షణములో రప్పించుకొనగలుగుట విద్యావంతులకు ఎంతటి ఉత్సాహము కలిగించెనో ఊహింపదగినది. జనులు దానిని ఆశ్రయించుటకు అంతకు మించిన హేతువు అక్కరలేదు.

అట్టి యంత్రమును వారు కొలది సంవత్సరములలోనే ఏల విడిచిరి? 1998లో డిజిటల్ సంస్థను కాంపాక్ కొనెను; ఆల్టావిస్టా పేరిటి డాట్ కామ్ చిరునామా అంతవరకు పరులదై యుండగా, దానికై 33 లక్షల డాలర్లు వెచ్చించెను. మరుసటి యేడు యాజమాన్యము సీఎంజీఐ చేతికి పోయెను. వెదకవచ్చినవాడు ఫలితము దొరకినంతనే వెడలిపోవుట ఆ కాలపు వ్యాపారులకు నష్టముగా తోచుచుండెను గనుక, వానిని తమ పుటయందే నిలుపగోరి ఈమెయిలు, వార్తలు, కొనుగోళ్లు మున్నగువానితో తొలిపుటను నింపివేసిరి. ఇంతలో మరియొక కీడు పెరుగుచుండెను. పుటలోని మాటలను బట్టియే ఫలితములు వరుసకట్టునని గ్రహించిన మోసగాండ్రు, తెల్లని నేలపై తెల్లని అక్షరములతో ఒకే మాటను వందలసారులు వ్రాసి, తమ పుటలను ముందునకు తెచ్చుకొనుచుండిరి. లక్షల ఫలితములు వచ్చుచుండెను; కావలసినది మాత్రము వానిలో అడుగంటి యుండెను.

ఈ చిక్కును విప్పినవారు గూగుల్‌ను స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్. 1998 ఏప్రిలులో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున జరిగిన వెబ్ మహాసభకు వారు సమర్పించిన పత్రమునందు, అంతకు ముందటి నవంబరు నాటికి ప్రధానములైన నాలుగు వాణిజ్య సెర్చ్ ఇంజిన్లలో ఒక్కటి మాత్రమే తన పేరు వెదకిన తన్ను చూపగలిగెనని వ్రాసిరి. ఒక పుటకు ఎన్ని పుటల నుండి లంకెలు వచ్చుచున్నవి, ఆ లంకె నిచ్చిన పుటలకే ఎంత గౌరవము కలదు అను విచారణయే వారి పేజ్‌ర్యాంకు. ప్రకటనల ధనముపై ఆధారపడు శోధనయంత్రము ప్రకటనదారుల పక్షమునకు మొగ్గక తప్పదని కూడ ఆ పత్రముననే వారు హెచ్చరించిరి; 2000 అక్టోబరులో వారి సంస్థయే ఆడ్‌వర్డ్స్ పేరిట ప్రకటనల విక్రయము ఆరంభించినదని తలచినపుడు నా మనస్సు ఖిన్నమగుచున్నది. అయినను ఆల్టావిస్టాను విడిచి గూగుల్‌కు శోధకులు సాగించిన ఆనాటి వలస న్యాయమైనది. ధర లేదు, నిర్బంధము లేదు. ఒక చిరునామాకు మారుగా మరియొకటి టైపు చేసినచో చాలును. 2000 జూనులో యాహూ సయితము తన పుటలలో గూగుల్ ఫలితములను చూపుటకు అంగీకరించెను. ఆల్టావిస్టాను 2003లో ఓవర్చర్ 14 కోట్ల డాలర్లకు కొనెను. ఓవర్చర్‌ను యాహూ కొనెను. 2013 జూలై 8న ఆల్టావిస్టా మూతపడెను.

ఈ పోటీ సాగిన కాలమున తెలుగు పాఠకునకు ఎంచుకొనుటకు ఏమియు లేకుండెను. యూనికోడ్‌లో తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, ఈనాడు వంటి పత్రికలు తమ సొంత ఫాంట్లతో ప్రచురించుచుండుటచే, కంటికి తెలుగుగా కనబడు వార్త యంత్రమునకు అర్థరహితమైన రోమన్ సంకేతముల గుంపుగా ఉండెడిది. నాగార్జున వెన్న రూపొందించిన పద్మ వంటి ఉపకరణములు ఆ పాఠమును యూనికోడ్‌లోనికి మార్చుటయు, 2003 చివర తెలుగు వికీపీడియా వెలయుటయు జరిగిన పిమ్మటనే తెలుగులో వెదకుటకు వీలు చిక్కెను. ఇందుకు భిన్నముగా రష్యాలో 1997 సెప్టెంబరులో వెలువడిన యాండెక్స్, విభక్తులతో మారు రష్యన్ పదరూపముల నన్నిటిని గుర్తింపజాలుటచే జనాదరణ పొందెను. మన నామముల రూపములును అటులే మారునవి గనుక, అట్టి శ్రద్ధ మన భాషకు తొలినాళ్లలో లభింపకుండుట సామాన్యమైన లోటు కాదు.

అటు పిమ్మట ఎంపిక శోధకుని చేతినుండి క్రమముగా జారిపోయెను. బ్రౌజరులోను ఫోనులోను ముందుగానే అమర్చిన యంత్రమును అత్యధికులు మార్పరు; ఆ స్థానమునకై గూగుల్ 2022లో ఒక్క ఆపిల్ కంపెనీకే 2,000 కోట్ల డాలర్లు చెల్లించెనని అమెరికా న్యాయస్థాన విచారణలో వెల్లడియయ్యెను. రష్యాలో మాత్రము 2017లో ప్రభుత్వ సంస్థతో కుదిరిన రాజీ మేరకు ఆండ్రాయిడ్ ఫోన్లయందు ఎంపిక చేసికొనుమని అడుగు కిటికీని గూగుల్ చూపవలసివచ్చెను. అనంతరము ఆ ఫోన్లలో యాండెక్స్ వాడుక గణనీయముగా పెరిగెను. 2024 ఆగస్టు 5న వాషింగ్టన్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి అమిత్ మెహతా, అట్టి ఒప్పందములచే గూగుల్ తన గుత్తాధిపత్యమును చట్టవిరుద్ధముగా నిలుపుకొనెనని తీర్పు చెప్పెను. అయినను 2025 సెప్టెంబరులో వెలువరించిన నిర్ణయమున, ఇతరులకు తావీయని ఒప్పందములను నిషేధించియు, ముందుచోటు కొరకు సొమ్ము చెల్లించుటను మాత్రము నిషేధింపలేదు. రష్యా అనుభవము కన్నుల యెదుట నుండగా ఈ సడలింపు నాకు సమంజసముగా తోచుట లేదు.