‘బాయ్‌కాట్’ క్రియ – తెలుగున దాని యర్థపరిణామము

“విద్యార్థులు తరగతులను బహిష్కరించిరి” అను వాక్యము మనకు నిత్యపరిచితము. వ్యుత్పత్తిని బట్టి చూచినచో దీని యర్థము విపరీతముగా నున్నది. ‘బహిః’ అనగా వెలుపల. బహిష్కరించుట యనగా వెలుపలికి పంపుట. ఇచట వెలుపలికి పోయినవారు విద్యార్థులు. తరగతులు ఉన్నచోటనే యున్నవి. ఈ ప్రయోగమునకు మూలము ఆంగ్లమునందలి ‘బాయ్‌కాట్’ అను క్రియ.

పుట్టిన యేడును, ఊరును తెలిసిన క్రియలు ఏ భాషయందైనను అరుదు. ఇది 1880 లో ఐర్లండు పశ్చిమభాగమునందలి మేయో మండలమున జనించినది. చార్లెస్ కనింగ్‌హామ్ బాయ్‌కాట్ అను నాతడు లార్డ్ అర్న్ అను భూస్వామికి ఏజెంటు. పంటలు చెడిన కాలమున కౌలుదార్లు శిస్తులో నూటికి 25 వంతులు తగ్గింపుమని కోరగా భూస్వామి 10 వంతులకే యంగీకరించెను. బాయ్‌కాట్ కొందరిని భూములనుండి వెడలగొట్ట యత్నించెను. అంతట కూలివారు పొలము విడిచిరి. పనివారు ఇల్లు విడిచిరి. అంగళ్లవారు సరకు లమ్ముట మానిరి. పంట కోయుటకు ఉత్తరమండలములనుండి 50 మందిని రప్పించి, వారి రక్షణకై సుమారు వేయిమంది సైనికులను నిలుపవలసివచ్చెను. దాదాపు 500 పౌనుల పంటకు 10,000 పౌనులు వ్యయమైనదని నాటి యంచనా.

ఈ యుపాయమును అంతకు కొలది దినములకు ముందే, 1880 సెప్టెంబరు 19న, ఎన్నిస్ సభలో పార్నెల్ బోధించియుండెను. అయితే ఆయన గురి భూస్వామి కాదు. తోటి రైతును వెడలగొట్టిన భూమిని కౌలునకు తీసికొను రైతును, పూర్వము కుష్ఠురోగిని దూరముంచినట్లు, ఎల్లరును దూరముంచవలెనని ఆయన చెప్పెను. అనగా ఈ క్రియ పుట్టుకయందే మన ‘వెలి’ వాసన కొంత గలదు.

పదమును కల్పించినవాడు ఫాదర్ జాన్ ఓమాలీ యని జేమ్స్ రెడ్‌పాత్ అను అమెరికా పాత్రికేయుడు వ్రాసెను. గ్రీకు మూలముగల పాతమాట యొకటి యున్నను అది పల్లెవాండ్రకు తెలియదని తలచి, ఎల్లరెరిగిన ఆ మనుష్యుని పేరునే క్రియగా వాడుదమని ఆ మతాచార్యుడు సూచించెనట. పండితుల పదమును కాదని కర్షకుల నోటికి తగిన మాటను కోరిన ఈ వివేకము మన పరిభాషాకర్తలు గమనింపదగినది. ఆ యేడే అది పత్రికల కెక్కెను. పిదప ఫ్రెంచి, జర్మను భాషలలోనికిని పోయెను.

1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలు సభ విదేశవస్తువులను మానవలెనని తీర్మానించిన పిమ్మట ఈ భావము మన దేశమున ఉద్యమరూపము దాల్చెను. తెలుగున దీనికి ‘బహిష్కారము’ స్థిరపడినది. ‘వర్జించు’ అను మాట యుండనే యున్నది. విదేశవస్త్రముల విషయమున అదియే యుచితము. బహిష్కారమున కర్త ఎదుటివానిని వెలుపలికి నెట్టును. వర్జనమున తానే విముఖుడగును. తరగతులకును, శాసనసభలకును, ఎన్నికలకును అన్వయించునది రెండవదియే. పత్రికలవారు మా మాట విందురని మేము తలంపము.

వ్యాకరణదోషముకంటె గట్టి యాక్షేపణ వేరొకటి గలదు. ‘వెలివేయు’ అను మన పాతక్రియ బలవంతుడు బలహీనునిపై ప్రయోగించునది; వెలివాడలు దానికి సాక్ష్యము. మేయో కౌలుదార్ల క్రియ క్రిందివారు పైవారిపై ప్రయోగించినది. ఈ రెంటిని ఒకే పదము మోయుచున్నది. 1924 లో అంబేద్కరు స్థాపించిన సభ పేరునందలి ‘బహిష్కృత’ పదము మొదటి యర్థమునకు చెందినది. 1991 ఆగస్టులో చుండూరున దళితుల హత్యాకాండకు ముందు వారిపై విధింపబడిన సాంఘిక బహిష్కారమును అట్టిదే. నిఘంటువులలో ఈ రెండర్థములను వేరుపరచి చూపుట యవసరము. ఏలయన ఇప్పు డాంగ్లపదమే రెండువైపుల వాడబడుచున్నది: షెడ్యూల్డు కులముల, తెగలపై అత్యాచారముల నిరోధమునకై చేసిన 1989 నాటి చట్టమునకు 2015 లో జరిగిన సవరణలో, వారిని సాంఘికముగా గాని ఆర్థికముగా గాని వెలివేయుట నేరమని చేర్చిరి, ఆంగ్లపాఠమున దానికి వాడిన మాట ‘బాయ్‌కాట్’.