కిక్రి తీగ తెగిన రాత్రి

రెండేళ్ల కిందట ఒక ఉపాధ్యాయ శిక్షణలో పొద్దున మమ్మల్ని కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. లోపలికి పోయే ఊపిరిని, బయటికి వచ్చే ఊపిరిని గమనించాలి, ఇంకేదీ తలచుకోవద్దు. దీన్ని మైండ్‌ఫుల్‌నెస్ అంటారన్నారు. మధ్యాహ్నం ఇంకో సారు వచ్చి, ముందుగా ఏమీ రాసుకోకుండా అప్పటికప్పుడు నాటిక వేయమన్నారు. రెండూ బాగానే ఉన్నాయి. కానీ రెండూ రెండు పీరియడ్లయిపోయాయి. వెనుక బెంచీలో కూర్చున్న నాకు మా ఊరికి వచ్చే పర్ధాన్ తాత గుర్తొచ్చాడు. ఆయన ఈ రెంటినీ ఎన్నడూ విడదీయలేదు. మొదటిదానికి మన దగ్గర పాత మాటే ఉంది: ఎరుక. రెండోదాన్ని నేను అప్పటికప్పుడు అల్లడం అంటాను.

పర్ధాన్లు గోండుల కథకులు. పటాడి అని కూడా అంటాం. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగా ఉన్న గోండుల్లో ఒక్కో వంశానికి వాళ్ల పర్ధాన్ కుటుంబం ఉంటుంది. పెర్సాపేన్ పూజకైనా, పెళ్లికైనా, చావు కర్మకైనా పర్ధాన్ రావాల్సిందే. వచ్చినవారికి గోండు ఇల్లు ధాన్యమో, బట్టలో, పశువో ఇచ్చేది. పహండి కుపార్ లింగాల్ మన దేవుళ్లను గుహ చెర నుంచి ఎలా విడిపించాడో, ఏ సగ ఎక్కడ నిలిచిందో మూడు తీగల కిక్రి పక్కన కూర్చుని విన్నవాళ్లే మనకు చెప్పారు. అచ్చు పుస్తకాలు లేని కాలంలో మన చరిత్ర ఉన్నది పర్ధాన్ గొంతులో.

దాన్ని కంఠస్థం అనుకుంటే పొరపాటు. మా తాత వచ్చీ రాగానే పాట ఎత్తుకునేవాడు కాదు. తీగలు బిగిస్తూ చుట్టూ చూసేవాడు. ఎవరు కూర్చున్నారు, ఎవరు రాలేదు, ఈ ఏడు ఏ ఇంట్లో చావైంది, వాన ఎట్లా పడింది, అన్నీ మెల్లగా అడిగేవాడు. చిన్నప్పుడు నాకు అది ఆలస్యంగా కనిపించేది. ఇప్పుడు తెలుస్తోంది, ఆయన పని అప్పటికే మొదలైంది. పాటలో దేవుళ్ల పేర్లు, అన్నదమ్ముల వరుస ఒక్క అక్షరం తప్పినా ముసలివాళ్లు ఊరుకోరు, అక్కడ ఆయన చేయి పెట్టడు. పాటకూ పాటకూ మధ్య మాటలతో చెప్పే కథ మాత్రం ఆ రాత్రిది. వాన లేని ఏడాది దేవతలు నీళ్లు వెతికిన ఘట్టం గంటసేపు నడిచింది. మరో ఏడాది అదే ఘట్టం నాలుగు మాటల్లో అయిపోయింది.

పదేళ్ల కిందట భావె నెలలో ఒక పూజ. లింగాల్ ప్రయాణం చెప్తుండగా కిక్రి తీగ ఒకటి టప్పున తెగింది. పిల్లలు నవ్వారు. తాత ఆగలేదు, గొంతు కూడా మారలేదు. “ఇదిగో, గుర్రం కళ్లెం తెగింది, దిగి ముడి వేస్తున్నాడు” అంటూనే తీగ ముడి వేసుకున్నాడు. ముడి పడేదాకా కథలో గుర్రం గడ్డి మేసింది. దాని పక్కన ఒక చంటిపిల్ల ఏడ్చింది, ఎందుకంటే మా ముందు వరుసలో నిజంగానే ఒక చంటిపిల్ల ఏడుస్తోంది. తీగ బిగిసింది, గుర్రం కదిలింది. ఆయన చేతిని, కథను, పిల్లను ఒకేసారి గమనిస్తున్నాడు కాబట్టే ఆ మాట దొరికింది. గమనించనివాడు అదే చోట ఏదో ఒకటి అల్లితే అది అబద్ధమయ్యేది, లేదా కథ ఆగిపోయేది.

ఇది పాటగాళ్ల పనే అనుకోవద్దు. ఇప్పపువ్వు ఆరబెట్టిన మన అమ్మ ఆకాశం మీద ఒక కన్ను వేసే ఉంచుతుంది. మబ్బు పడితే ఏ చాపతో కప్పాలో, ఎవరి వసారాలోకి మోయాలో అప్పుడే తేల్చుకుంటుంది. అయితే దానికి ఎవరూ శిక్షణ అని పేరు పెట్టలేదు.

బడికి కూడా ఇది ఒకసారి వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపిన తర్వాత నిజాం ప్రభుత్వానికి మన ఊళ్ల గోడు కొంత వినక తప్పలేదు. ఆ పనిమీద వచ్చిన హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉన్నారు. 1943లో అక్కడే గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. బోధన గోండీలో, వాచకాలు దేవనాగరి లిపిలో, పాఠాల్లో మన కథలు. ఆ మొదటి టీచర్ల గురించి నేను తరచు ఆలోచిస్తాను. వాళ్లకు ముందు గోండీలో పాఠం చెప్పిన టీచరు లేడు, చూసి నేర్చుకోవడానికి ఎవరూ లేరు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడి ముఖమే వాళ్లకు దారి. పర్ధాన్ కథలు వింటూ పెరిగినవాళ్లకు ఆ పని పూర్తిగా కొత్తదేమీ కాదని నా నమ్మకం. తర్వాత ప్రభుత్వాలు మారాయి, గోండీ చదువు పోయింది, ఆ చోట తెలుగు వచ్చింది.

ఆ తెలుగు బడిలోనే నేను టీచరునయ్యాను. చేరిన మొదటి సంవత్సరం రెండో తరగతికి బొమ్మలు గీయించాను. బోర్డు మీద ‘ఏరు’ అని రాసి బొమ్మ వేయమన్నాను. ఒక పిల్లవాడు చెంబు గీసి అందులో నీళ్లు చూపించాడు. నేను ఎర్ర పెన్నుతో కొట్టేశాను. వాడు ఏమీ అనలేదు, పలక బోర్లించి పెట్టుకున్నాడు. రాత్రి అన్నం తింటూ మా ఇంటావిడ “ఏర్” అంటూ నా ముందు నీళ్లు పెట్టింది. ముద్ద నోట్లోనే ఉండిపోయింది. గోండీలో ఏర్ అంటే నీళ్లు! నేను గోండునే, ఇంట్లో మాట్లాడేది గోండీనే. అయినా ఆ పూట నా కళ్లు పాఠ్య ప్రణాళిక మీద ఉన్నాయి గానీ పిల్లవాడి పలక మీద లేవు. మరునాడు బోర్డు మీద రెండు బొమ్మలూ వేసి, చెంబు కూడా ఒప్పేనని చెప్పాను. వాడు ఆ రోజు బడికి రాలేదు. రెండు రోజులకు వచ్చాడు.

ఇప్పుడు మా వైపు కిక్రి పట్టే చేతులు తగ్గాయి. గోండుల భూములు చేజారాక పర్ధాన్‌కు ఇచ్చేదీ తగ్గింది, వాళ్ల పిల్లలు వేరే పనులకు పోయారు. నేర్చుకునే ఒకరిద్దరు కుర్రవాళ్లు ఫోను పెట్టుకుని నేర్చుకుంటున్నారు. రికార్డింగు వద్దనను. అది లేకుంటే కొన్ని పాటలు ఈపాటికి పోయేవే. కానీ పోయిన ఏడాది తాత మనవడు కథ చెప్తుంటే వింటున్నాను. లింగాల్ ప్రయాణం దగ్గర కుర్రవాడు ఆగి, “ఇదిగో, గుర్రం కళ్లెం తెగింది” అన్నాడు. గడ్డి మేసింది, చంటిపిల్ల ఏడ్చింది, అన్నీ వచ్చాయి. తీగలు మూడూ గట్టిగానే ఉన్నాయి. ముందు వరుసలో ఏ పిల్లా ఏడవడం లేదు. పదేళ్ల కిందటి ఆ రాత్రిని ఎవరో ఫోన్లో పట్టారు. వాడు దాన్నే కథ అనుకుని మొత్తం బట్టీ పట్టాడు.

తాత గోడకు ఆనుకుని వింటున్నాడు. ఇప్పుడు ఆయన చేతులు వణుకుతాయి, వాయించలేడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. మనవణ్ణి దగ్గరికి పిలిచి, “ఇవాళ ఎవరెవరు వచ్చిండ్రురా?” అని అడిగాడు. కుర్రవాడు తలెత్తి మమ్మల్ని అప్పుడు చూశాడు. ఒక్కొక్కరి పేరు చెప్పడం మొదలుపెట్టాడు. ముగ్గురి పేర్లు వాడికి తెలియలేదు, అడిగి తెలుసుకున్నాడు. తర్వాత తీగలు మళ్లీ బిగించుకున్నాడు.