సమమా? సహమా?

ఉన్నత పాఠశాల రసాయన శాస్త్ర పుస్తకములో రెండు మాటలు ఇరుగుపొరుగున కాపురముంటాయి: సంయోజకత, సమయోజనీయ బంధము. ఒక్క సున్న తేడా. పిల్లలు రెంటినీ కలిపేస్తారు. జవాబు పత్రాలు దిద్దినవారందరికీ ఇది అనుభవమే. తెలుగు పండితుణ్ణి గనుక నాకు ఇది కేవలము వర్ణక్రమ దోషముగా తోచలేదు. మొదటి మాటలోని 'సం' ఉపసర్గ. చక్కగా కూడుటను చెబుతుంది. రెండవదానిలోనిది 'సమ' శబ్దము. దాని వెంట సమానత్వము రాక మానదు. నా తగవంతా ఆ సమానత్వముతోనే.

కథ మొదటినుండి చెప్పుకోవాలి. ప్రతి మూలకపు పరమాణువుకూ ఇతర పరమాణువులతో కలిసే సామర్థ్యానికి ఒక లెక్క ఉన్నదని 1852లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ ఫ్రాంక్లాండ్ గుర్తించాడు. 1858లో ఆర్చిబాల్డ్ కూపర్ పరమాణువుల నడుమ గీతలు గీశాడు. 1866లో ఫ్రాంక్లాండ్ ఆ కూడికకు 'బాండ్' అని పేరు పెట్టాడు. పెడుతూనే, ఇది దారమువంటి వస్తువు కాదు, గ్రహాలను సూర్యునితో కలిపి ఉంచేదానివంటిదని హెచ్చరించాడు కూడా. మనవారు 'బంధము' అన్నారు. మంచి మాట. బంధువులోనూ, బంధనములోనూ ఉన్న ధాతువే ఇందులోనూ ఉన్నది.

ఎలక్ట్రాన్ కనబడింది 1897లో. ఆ తరువాత గీతకు అర్థము చెప్పినవాడు గిల్బర్ట్ లూయిస్ అనే అమెరికా అధ్యాపకుడు. 1902లో పాఠము చెప్పడానికని ఘనపు బొమ్మలు గీసి, మూలమూలకూ ఒక ఎలక్ట్రాన్‌ను ఉంచి చూసుకున్నాడట. (బోధన కోసం గీసిన బొమ్మ శాస్త్రమైనదంటే ఉపాధ్యాయునిగా నాకు కొంచెం గర్వము.) 1916లో ఆయన ప్రకటించిన వ్యాసములో ఘనముకన్నా ముఖ్యమైనది జంట: రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను ఉమ్మడిగా అనుభవించడమే బంధము. అదే ఏడాది జర్మనీలో వాల్తర్ కొసెల్ రెండవ దారి చెప్పాడు. సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను ఇచ్చివేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది, వ్యతిరేక ఆవేశాలు ఆకర్షించుకుంటాయి. అది మన అయానిక బంధము. 1919లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ లూయిస్ జంటకు 'కోవేలెంట్' అనే పేరు ప్రచారములోకి తెచ్చాడు.

ఇందులోని 'కో' అంటే కూడి, సహితముగా అని. సమానముగా అని కాదు! హిందీవారు 'సహసంయోజక' అన్నారు. మనము 'సమయోజనీయ' అన్నాము. ఉమ్మడి కుటుంబములో ఆస్తి అందరిదీ. అనుభవము మాత్రము అందరికీ సమానమా? లూయిస్ కూడా జంట ఒక పక్కకు ఒరగవచ్చునని 1916లోనే చెప్పాడు. 1932లో లైనస్ పౌలింగ్ ఆ ఒరుగుబాటుకు కొలమానము కట్టాడు. అదే ఋణవిద్యుదాత్మకత. ఆ కొలతలో హైడ్రోజన్‌కు సుమారు 2.2, నైట్రోజన్‌కు 3.0, ఆక్సిజన్‌కు 3.4. కనుక నైట్రోజన్–హైడ్రోజన్ కాపురములో ఎలక్ట్రాన్ జంట నైట్రోజన్ పక్షమే. హైడ్రోజన్ కొంత ధనావేశముతో మిగిలి, పొరుగున ఉన్న ఆక్సిజన్ వైపు చేయి చాస్తుంది. 1920లో లాటిమర్, రోడ్‌బుష్ వివరించిన హైడ్రోజన్ బంధము ఇదే.

ఇదంతా మా తాడిమర్రివానికెందుకంటారా? ధర్మవరం మాకు పొరుగు. అక్కడి పట్టుచీర నిలిచి ఉన్నది ఈ అసమానత మీదనే. హిందూపురం మార్కెట్టుకు వచ్చే పట్టుగూటి పోగులో రెండు ప్రోటీన్లు ఉంటాయి. లోపలిది ఫైబ్రోయిన్, పైన పూతగా ఉండే జిగురు సెరిసిన్. ఫైబ్రోయిన్‌లో ఎక్కువగా గ్లైసీన్, ఎలనీన్ అనే చిన్న అమైనో ఆమ్లాలు ఒక వరుసలో కూర్చి ఉంటాయి. ఆ గొలుసు పొడవునా ఉన్నవి లూయిస్ చెప్పిన గట్టి బంధాలు. గొలుసుకూ పక్క గొలుసుకూ నడుమ హైడ్రోజన్ బంధాలు. 1951లో పౌలింగ్, కోరీ ఈ మడతల పొరను ఊహించారు. 1955లో మార్ష్‌తో కలిసి పట్టుకే ఆ నిర్మాణాన్ని వివరించారు. కార్బన్–కార్బన్ బంధము తెగడానికి మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్ళు కావాలి. హైడ్రోజన్ బంధానికి ఇరవై చాలు. కాని గడ్డిపరకలు పేనితే మోకు అవుతుంది కదా.

సబ్బు, సోడా కలిపిన నీటిలో ఉడికించి జిగురు తీస్తారు. సెరిసిన్ గొలుసులు వదులు. వేడి నీరు చొరబడి వాటిని కరిగిస్తుంది. ఫైబ్రోయిన్ పొరలు ఇరుకుగా పేర్చినవి గనుక నీటికి సందు దొరకదు. క్షారము మితిమీరితే మాత్రము గొలుసే తెగుతుంది, పట్టు చెడుతుంది. ఆమ్ల రంగులు వేసేటప్పుడు రంగు అణువుకూ పోగుకూ నడుమ ముఖ్యముగా పనిచేసేది కొసెల్ చెప్పిన ఆకర్షణ. ఒక్క చీరలో రసాయన బంధ చరిత్ర అంతా ఉన్నది. ఆ పాఠము మాత్రము నేతగాని పిల్లవానికి గీతలు, చుక్కలుగానే చేరుతుంది.

హైదరాబాదును మరువరాదు. 1979 నుండి 2009 వరకు హైదరాబాదు విశ్వవిద్యాలయములో పనిచేసిన గౌతమ్ ఆర్. దేశిరాజు కార్బన్ మీది హైడ్రోజన్ కూడా ఆక్సిజన్‌కు చేయి చాస్తుందని, ఆ బహు బలహీన బంధాలు సైతము స్ఫటికాల అమరికను తీర్చగలవని చూపినవారిలో ముఖ్యుడు. స్ఫటిక నిర్మాణ రచనపై 1989లోనూ, బలహీన హైడ్రోజన్ బంధముపై 1999లో స్టైనర్‌తో కలిసియూ గ్రంథాలు వెలువరించాడు. 2011లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ హైడ్రోజన్ బంధానికి కొత్త నిర్వచనము ఇచ్చినప్పుడు, బెంగళూరు అరుణన్ అధ్యక్షతన పనిచేసిన ఆ బృందములో దేశిరాజు కూడా ఉన్నాడు. హైడ్రోజన్ ఎవరితో కాపురమున్నదో ఆ పరమాణువుకు హైడ్రోజన్‌కన్నా ఋణవిద్యుదాత్మకత ఎక్కువగా ఉండాలని ఆ నిర్వచనము అంటున్నది.

'సమ' శబ్దము దగ్గర ఆగిపోయిన పిల్లవానికి ఈ వాక్యము ఎలా బోధపడుతుంది? నేనైతే 'సహయోజనీయ బంధము' అని వ్రాస్తాను.