కృష్ణా తీరంలో రక్షిత కట్టడాలు: పక్కనే స్థలం ఉంటే ఏం చేయాలి?

కృష్ణా జిల్లాలో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్లలో ముందుగా చెప్పుకోవాల్సింది బందరు కోట. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం పెద్ద రేవు. హజ్‌కు వెళ్లేవాళ్లు ఇక్కడే ఓడెక్కి ఎర్ర సముద్రం వైపు సాగేవారు. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు, ఫ్రెంచివాళ్లు ఈ రేవు కోసం పోటీ పడ్డారు. 1759లో కోట ఫ్రెంచివారి నుంచి ఇంగ్లీషువారి చేతికి పోయింది. 1864 నాటి ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. ఇప్పుడు మిగిలిన గోడలు చూస్తే ఇంత కథ ఉందంటే నమ్మబుద్ధి కాదు.

ఘంటసాల బౌద్ధ స్తూపం ఇంకా పాతది. టాలమీ రాసిన రేవు ఇదేనని చరిత్రకారులంటారు. గుడివాడలోనూ బౌద్ధ దిబ్బ ఉంది.

వీటి పక్కన స్థలం ఉన్నవాళ్లకు అసలు చిక్కు వేరే. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టకూడదు. అక్కడున్న పాత ఇంటి రిపేరుకూ అనుమతి కావాలి. ఆ తర్వాతి 200 మీటర్లలో ఇల్లు కట్టాలన్నా అనుమతి తప్పదు. మున్సిపాలిటీ ప్లాన్ ఒక్కటే చాలదు. మొదటి 100 మీటర్లలో రూల్ తప్పితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే బయానా ఇచ్చే ముందే దూరం కొలిపించుకోవాలి.