మంచుమీద నీలి రింగు

ఆడపిల్లల ఆటలంటే మనకు గుర్తొచ్చేవి ఏముంటాయి? గుజ్జనగూళ్ళు, అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ళ, ఒప్పులకుప్ప. కాస్త పెద్దయి హైస్కూలుకు వెడితే టెన్నికాయిట్. ఓణీ చెంగు నడుముకు దోపి, రబ్బరు రింగును ఇటునుంచి అటు విసురుకోవడం. పడేదీ లేదు, దెబ్బ తగిలేదీ లేదు కనుక ఇంట్లో పెద్దవాళ్ళూ అడ్డు చెప్పేవారు కాదు. అచ్చం అలాంటి రబ్బరు రింగునే మంచుగడ్డమీద పడేసి, అమ్మాయిల కాళ్ళకు స్కేట్లు కట్టి, చేతికి కర్రలిచ్చి వదిలితే ఎలా ఉంటుంది? కెనడా దేశంలో సరిగ్గా అదే చేశారు. ఆ ఆట పేరు రింగెట్.

కథ 1963లో మొదలైంది. ఒంటారియో రాష్ట్రంలో నార్త్ బే అని ఒక ఊరు. అక్కడ పార్కుల, ఆటపాటల వ్యవహారాలు చూసే అధికారి శామ్ జాక్స్. స్కాట్లండులో పుట్టి, చిన్నతనంలోనే కెనడా చేరిన మనిషి. ఆ ప్రాంతంలో చలికాలం వచ్చిందంటే నెలల తరబడి చెరువులు గడ్డకట్టుకుపోతాయి. ఊరూరా మంచు పరచిన ఆటస్థలాలుంటాయి. రింకులంటారు వాటిని. సాయంత్రమయ్యేసరికి మగపిల్లలు హాకీ కర్రలు పుచ్చుకుని వాటిని ఆక్రమించేవారు. మరి ఆడపిల్లలో? ఒద్దికగా స్కేటింగు విన్యాసాలు నేర్చుకోవాలి, లేదా గట్టున కూర్చుని అన్నదమ్ముల ఆటకు చప్పట్లు కొట్టాలి.

జాక్స్‌గారికి ముగ్గురూ కొడుకులే. అయినా ఊళ్ళో ఆడపిల్లల సంగతి ఆయనకు పట్టింది. వాళ్ళకంటూ ఒక జట్టు ఆట ఉండాలన్నాడు. ఎస్పనోలా అనే ఊళ్ళో ఉండే రెడ్ మెకార్తీ ఆ ఆటకు నియమాలు కూర్చి, అక్కడి హైస్కూలు అమ్మాయిలచేత ఆ ఏడాదే మొదటిసారి ఆడించాడు.

ఆట చూడటానికి హాకీలాగే ఉంటుంది. జట్టుకు ఆరుగురు, చివర ఒక గోలు. కాని కర్రకు వంపు ఉండదు. తిన్నగా ఉండే ఆ కర్ర కొసను నీలిరంగు రింగు మధ్య గుచ్చి, రింగును వెంట లాక్కుపోతారు. ఒకరినొకరు గుద్దుకోవడం నిషిద్ధం. ఇంతవరకు ‘పాపం, ఆడపిల్లలు కదా’ అన్న ధోరణి కనిపిస్తుంది. తమాషా అంతా ఇంకో నియమంలో ఉంది. రింకుకు అడ్డంగా రెండు నీలిగీతలుంటాయి. ఎంత మొనగత్తె అయినా సరే, రింగును తానే పట్టుకుని ఆ గీత దాటరాదు. గీత అవతలున్న తోటిపిల్లకు అందించి తీరాలి. ఒక్కతే అన్నీ చేసేసి పేరు కొట్టేద్దామంటే కుదరదన్నమాట! దానికి తోడు, తరువాతి కాలంలో గడియారం కూడా పెట్టారు. చేతికి చిక్కిన రింగును 30 సెకన్లలోగా గోలువైపు కొట్టకపోతే అది అవతలి జట్టు పాలు. అందించడం, అందుకోవడం, పరిగెత్తడం, వీటికే ప్రాధాన్యం రావడంతో సుకుమారంగా ఉంటుందనుకున్న ఆట కాస్తా కన్ను తిప్పుకోనివ్వనంత వేగం పుంజుకుంది. మంచుమీద ఆడే జట్టు ఆటలన్నిటిలో తమదే వేగమైనదని అభిమానులు ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటారు.

1974లో దేశమంతటికీ ఒక సంఘం ఏర్పడింది. మరుసటి ఏడే జాక్స్ కన్నుమూశాడు. ఆట అక్కడితో ఆగిపోకుండా చూసినవారిలో ఆయన భార్య ఏగ్నెస్ ఒకరు. 2005లో తాను పోయేదాకా, అంటే ముప్ఫై ఏళ్ళు, ఊరూరా తిరిగి ఆ ఆటను ప్రోత్సహించింది. కెనడా ప్రభుత్వం ఆవిడను ‘ఆర్డర్ ఆఫ్ కెనడా’తో గౌరవించింది. 1979లో విన్నిపెగ్‌లో మొదటి జాతీయ పోటీలు జరిగాయి. అదే ఏడాది ఈ ఆట ఫిన్లాండు చేరింది. అక్కడి అమ్మాయిలు ఎంత శ్రద్ధగా నేర్చారంటే, 2004 నుంచి 2022 వరకు జరిగిన ప్రపంచ పోటీలన్నిటిలోనూ గెలుపు వాళ్ళదే! ఆ పోటీల్లో గెలిచినవారికిచ్చే ట్రోఫీ శామ్ జాక్స్ పేరుమీదే ఉంది. కనిపెట్టినవాడి పేరున్న ట్రోఫీ శిష్యురాళ్ళ ఇంట్లో కాపురం పెట్టిందన్నమాట.

2004లోనే కెనడాలో జాతీయ రింగెట్ లీగు మొదలైంది. కేంబ్రిడ్జి టర్బోస్, మాంట్రియల్ మిషన్, కాల్గరీ రాత్, ఎడ్మంటన్ వామ్, ఇలా జట్లపేర్లే ఝణఝణలాడుతుంటాయి. తూర్పు జట్లు కొన్ని, పడమటి జట్లు కొన్ని. శరదృతువులో మొదలై చలికాలమంతా పోటీలు సాగుతాయి. వసంతంలో జాతీయ ఛాంపియన్ ఎవరో తేలుతుంది. మాంట్రియల్ నుంచి కాల్గరీకి సుమారు 3,000 కిలోమీటర్లు. ఇంత దేశంలో పోటీలు పెట్టుకునేది ఎక్కువగా శని ఆదివారాల్లోనే. ఎందుకంటే వీళ్ళు ఆటమీద బతికేవాళ్ళు కారు. సోమవారం పొద్దున్నే కాలేజీకో ఉద్యోగానికో పోవలసినవాళ్ళు. దేశంలోకెల్లా గొప్ప ఆటగత్తెలు, కాని జీతం పైసా లేదు.

2019 శరత్తులోనూ పోటీలు యథాప్రకారం మొదలయ్యాయి. నెలల తరబడి ఆడి, గెలుపోటములు లెక్కలు కట్టుకుని, వసంతకాలపు చివరి పోటీలకు సిద్ధమవుతుండగా మార్చి వచ్చింది. 2020 మార్చి అంటే అందరికీ తెలిసిందే. కోవిడ్ మూలంగా జాతీయ పోటీలు రద్దయ్యాయి. ఆ ఏటి విజేత పేరుండవలసిన చోట ఖాళీయే మిగిలింది. మరుసటి ఏడూ అంతే. ఇలాంటప్పుడు డబ్బున్న ఆటలకు టీవీ కంపెనీలు అడ్డుపడతాయి, కోట్లు పోతాయని లబలబలాడే యజమానులుంటారు. రింగెట్‌కు ఎవరున్నారు? అసలు ఇది ఒలింపిక్స్‌లో ఉన్న ఆటే కాదు. ఆడవాళ్ళ ఐస్ హాకీకి 1998లోనే అక్కడ చోటు దొరికింది. పతకంమీద ఆశ ఉన్నవాళ్ళు అటే పోవచ్చు. ఇక ఈ ఆటకు తిరిగి వచ్చేదెవరు అని ఎవరైనా అనుకుంటే తప్పుకాదు.

కాని వచ్చారు. 2021లో మళ్ళీ కర్రలు పట్టారు. 2022 వసంతంలో జాతీయ పోటీలు మళ్ళీ జరిగాయి.

జీతంలేని పని మన ఆడవాళ్ళకు కొత్తేమీ కాదు. తెల్లవారుజామున పాలకోసం లేచింది మొదలు రాత్రి వంటిల్లు కడిగేదాకా చేసేదంతా అదేగా! అయితే దానికి ‘త్యాగం’ అని ఓ పెద్దపేరు పెట్టి, పండుగనాడు నాలుగు మంచిమాటలైనా అంటారు. ఇంటికోసం కాక, పిల్లలకోసం కాక, తన ఇష్టంకొద్దీ ఆడది ఒక పని చేసుకుంటే మాత్రం మొదట వచ్చే ప్రశ్న ఒకటే. ‘దానివల్ల నీకేమొస్తుంది?’ వాళ్ళకు ఏమొస్తుందో గట్టునుంచి చూసేవాళ్ళు ఎలా చెప్పగలరు? గీత అవతల చెయ్యి చాచి నిలబడ్డ తోటిపిల్లకు రింగును సరిగ్గా అందించిన ఆ క్షణంలో ఏముందో అందించినామెనే అడగాలి. ఆమె మాత్రం ఆగి చెప్పదు. 30 సెకన్లే ఉన్నాయి మరి!