చూరు కింద ఆవిరి దారి

మోకాళ్ల మీద పాకితే తప్ప ఇక్కడికి రాలేరు. ఇంగ్లండులోని రెడింగ్. గోడకు గోడ ఆనుకుని వరసగా కట్టిన పాత ఇటుక ఇళ్లలో ఇదొకటి. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న దంపతులు అటకను పడకగదిగా మార్పించుకుంటున్నారు. దాని పక్కనే చిన్న బాత్రూం. మీరున్నది ఆ బాత్రూం పొట్టిగోడ వెనక, చూరు కింద. తలెత్తితే వాసం తగులుతుంది. వాసాల మీద నల్లటి ఫెల్టు, ఆపైన పెంకులు. బయట జనవరి. మీ ఊపిరి మీకే తెల్లగా కనిపిస్తోంది.

ఆ తెలుపుతోనే తంటా అంతా. వేణ్నీళ్ల స్నానపు ఆవిరి ఈ చలిలోకి చేరిందంటే ఫెల్టు అడుగున, మేకుల మొనల మీద బొట్లు కడుతుంది. అలా కొన్ని చలికాలాలు గడిస్తే వాసాలకు బూజు, ఆ తర్వాత పుచ్చు. మన ఊళ్లో అయితే బయటి గోడకు బెజ్జం కొట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తే పని అయిపోతుంది. రెండు ఇళ్ల మధ్య ఇరుక్కున్న ఈ బాత్రూంకు బయటి గోడే లేదు. ఉన్నదల్లా వాలు పైకప్పు.

"షవర్ పైనే పెట్టేయొచ్చు కదా?" అంటాడు ఇంటాయన, బాత్రూంలోంచి.

అరవై దాటిన ఎలక్ట్రీషియన్ మాట్లాడకుండా టేపు సాగదీస్తాడు. షవర్ పైన రెండుంపావు మీటర్ల ఎత్తు లోపల ఫ్యాన్ పెట్టాలంటే నీటి చిమ్ములకు తట్టుకునే ఐపీఎక్స్4 రకమే కావాలి. ఈ వాలు కప్పు అంత ఎత్తు లేదు. పైగా సీలింగుకు బిగించే మామూలు ఫ్యాన్ గాలిని పొడుగాటి గొట్టంలోకి నెట్టలేక చతికిలబడుతుంది.

ఇంటావిడ గొడవ వేరే. "ఏవండీ, అర్ధరాత్రి ఎవరైనా లైటు వేస్తే ఫ్యాన్ కూడా తిరిగి, ఆ మోతకి పిల్లాడు లేవడూ?"

రెంటికీ ఒకటే మందు. షవర్ పైన జాలీ మాత్రమే, ఫ్యాన్ ఇక్కడ మీ పక్కన. ప్లైవుడ్ ముక్కకు రబ్బరు దిమ్మెలు, వాటి మీద గొట్టం మధ్యలో ఇమిడే ఇన్‌లైన్ ఫ్యాన్. ఎప్పుడో ఒకప్పుడు అది చెడిపోతుంది కాబట్టి పొట్టిగోడకు చిన్న తలుపు పెట్టమని పెద్దాయన ముందే వడ్రంగికి చెప్పాడు. ఆ మాట చెప్పని పనివాణ్ని నేనైతే ఇంట్లోకి రానివ్వను.

ఇప్పుడు గొట్టం. పెట్టెలో వచ్చిన మెత్తటి డక్ట్ కుచ్చిళ్ల లంగాలా ముడుచుకుని ఉంటుంది. ప్రతి ముడతా గాలికి అడ్డే. పెద్దాయన దాన్ని పక్కన పడేసి 100 మిల్లీమీటర్ల గట్టి పీవీసీ గొట్టం కోస్తాడు, రంపపు పొట్టు మీ కళ్లలో పడుతుంది. మెత్తటిది ఫ్యాన్‌కు అటూ ఇటూ జానెడు, అదీ బిగలాగి. గొట్టం చుట్టూ 25 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ తొడుగు. అది లేకపోతే ఆవిరి గొట్టంలోనే నీరై వెనక్కి కారుతుంది. పెంకుల దాకా గొట్టం పైకి ఎక్కాలి కాబట్టి తొడుగున్నా కొంత నీరు దిగక మానదు. దాన్ని పట్టడానికి ఫ్యాన్‌కు పైన ఒక ట్రాప్, దానికో సన్నటి డ్రెయిన్ పైపు.

చూరు అంచు కిందనుంచే బయటికి వదిలితే దగ్గర దారి కదా అనిపిస్తుంది. కానీ అటకకు గాలాడటానికి వదిలిన సందులు ఉన్నదీ అక్కడే. వదిలిన ఆవిరి వాటిలోంచి మళ్లీ లోపలికి దూరుతుంది. అందుకని రెండు పెంకులు తీసి వాటి చోట వెంట్ పెంకు. పెంకులు తీసిన క్షణం చలిగాలి మొహాన కొడుతుంది, వీధిలో ఎవరిదో కారు స్టార్టయిన చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది.

వైరింగు త్వరగానే తెములుతుంది. బాత్రూం బయట మూడు పోళ్ల ఐసొలేటర్, లైటు ఆపాక మరో 15 నిమిషాలు ఫ్యాన్ తిరిగేలా టైమర్.

కిందికి దిగండి, తలుపు వేయండి. జాలీకి ఆనించిన టిష్యూ కాగితం పడిపోకుండా నిలబడింది. ఇంటాయన మొహం విప్పారింది. పెద్దాయన కాగితాన్ని నమ్మడు. గాలి కొలిచే మీటరు పట్టుకుంటాడు. ఇంగ్లండు నిబంధన ప్రకారం బాత్రూం ఫ్యాన్ సెకనుకు 15 లీటర్లు లాగాలి. మీటరు 12 చూపిస్తోంది. తలుపు తెరుస్తాడు, 17. లోపలికి గాలి వచ్చే సందే లేకపోతే ఫ్యాన్ మాత్రం ఏం లాగుతుంది? కొత్త తలుపు నేలకు అతుక్కున్నట్టుంది. తలుపు ఊడదీసి, పలకలకు పైన 10 మిల్లీమీటర్ల సందు ఉండేలా అడుగు చెక్కి, మళ్లీ బిగించి, మూసి కొలిస్తే 16.

మీ ఇంట్లో ఈ పని జరుగుతుంటే ప్లాస్టర్‌బోర్డు మూసేలోపు గొట్టం బయటిదాకా వెళ్లిందో లేదో మీరే పాకి చూసుకోండి. మీటరు అంకె మాత్రం తలుపు మూసి ఉన్నప్పటిదే అడగండి.