పిల్లల్లో ఆస్తమా: దగ్గు తగ్గిందని ఇన్‌హేలర్ ఆపేస్తున్నారా?

అనంతపురం జిల్లాలో వానలు తక్కువ, దుమ్ము ఎక్కువ. కళ్లాల్లో వేరుశనగ కట్టె నుంచి లేచే దుమ్ము, వయ్యారిభామ మొక్కల పుప్పొడి, వంట పొయ్యి పొగ.. ఇవన్నీ ఆస్తమా ఉన్న పిల్లల్లో ఆయాసం పెంచుతాయి.

రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, ఆడుకుంటే ఆయాసం పదే పదే వస్తుంటే పిల్లల డాక్టర్‌కు చూపించాల్సిందే. జలుబుతో వచ్చే ప్రతి పిల్లికూతా ఆస్తమా కాదు. ఆ తేడా తేల్చాల్సింది స్పెషలిస్టే.

ఇన్‌హేలర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం ఇచ్చేది రిలీవర్. శ్వాసనాళాల్లో వాపును అదుపులో ఉంచేది కంట్రోలర్. దీన్ని డాక్టర్ చెప్పినన్నాళ్లూ వాడాలి. అయితే చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే.. దగ్గు తగ్గగానే ఆపేస్తారు. దాంతో సమస్య మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్‌హేలర్‌కు పిల్లలు బానిసలవుతారన్నది అపోహే. మందు నేరుగా ఊపిరితిత్తులకు వెళ్తుంది కాబట్టి మాత్రలు, సిరప్‌ల కన్నా తక్కువ డోసు సరిపోతుంది. చిన్నపిల్లలకైతే స్పేసర్, మాస్క్‌తో ఇవ్వాలి. ఎలా పీల్చాలో ఆస్పత్రిలోనే చూపించమని అడగండి.

అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో పిల్లల విభాగం ఉంది.

పిల్లలు మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకలు లోపలికి పోతున్నా ఆలస్యం చేయొద్దు. రిలీవర్ ఇచ్చి వెంటనే 108కి ఫోన్ చేయండి.